వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే: పోలీసు కేసా, మెడికల్ కౌన్సిలా, వినియోగదారుల కమిషనా?

వైద్యం వికటించి ఇంట్లో మనిషి పోతే చుట్టాలంతా ముందు పోలీస్ స్టేషన్‌కే పదమంటారు. ఆ కోపం న్యాయమైనదే. అయినా చాలా కుటుంబాలకు నేను చెప్పేది జిల్లా వినియోగదారుల కమిషన్ గురించే.

డాక్టరుపై క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరో డాక్టరు, వీలైతే ప్రభుత్వ డాక్టరు, అభిప్రాయం తీసుకున్నాకే పోలీసులు ముందుకెళ్లాలి. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద డాక్టరుకు గరిష్ఠ శిక్ష 2 ఏళ్లు, జరిమానా. మత్తులో ఉండి ఆపరేషన్ చేయడం లాంటి దారుణమైతే తప్పకుండా ఈ దారిలోనే వెళ్లాలి.

మెడికల్ కౌన్సిల్ డాక్టరు రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేయగలదు గానీ పరిహారం ఇప్పించలేదు.

ఇక కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేలింది. అందరికీ ఉచితంగా చూసే ప్రభుత్వాసుపత్రులు మాత్రం రావు, వాటి మీద సివిల్ కోర్టుకు వెళ్లాలి. మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు, ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు.

ఇదీ సులువు కాదు. హైదరాబాద్‌లో 2002లో మలేరియా రోగికి టైఫాయిడ్ మందులిచ్చిన కేసు చూడండి. జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్‌కు పాత పేరు) 2 లక్షలు ఇవ్వమంది, రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, 2010లో సుప్రీంకోర్టు మళ్లీ ఇప్పించింది. 2 లక్షలకు అన్నేళ్లా అని బాధేస్తుంది. కానీ తప్పు కళ్లకు కనిపిస్తున్నప్పుడు నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని ఆ తీర్పు చెప్పింది. సామాన్యుడికి అది కొండంత అండ.

డాక్టర్ల వైపు న్యాయమూ చూడాలి. రోగి బతకనంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. ఆ పరిస్థితిలో బాధ్యత గల మరో డాక్టరు చేసేదే ఈయనా చేశాడా అన్నదే కొలత.

అది తేలాలంటే కాగితాలు కావాలి. కేస్ షీట్ కాపీ రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలన్నది నిబంధన. మరణం మీద అనుమానముంటే పోస్ట్‌మార్టం కూడా అడగండి, దహనం అయిపోయాక ఆ సాక్ష్యం మళ్లీ దొరకదు.