కెనాన్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8: ముఖాలు తీయడం నేర్చుకునేవాళ్ల లెన్స్

మనుషుల ఫొటోలు తీయాలని ఉండి, చేతిలో డబ్బులు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు రెండో లెన్స్‌గా ఏం కొనాలని అడిగితే నేను చెప్పేది కెనాన్ ఈఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఎస్‌టీఎం. ఎస్‌టీఎం అంటే ఇందులోని ఫోకస్ మోటారు రకం. 2015లో వచ్చిన లెన్స్ ఇది, కొత్తదేం కాదు. ఎఫ్ పక్కన ఉండే అంకె లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది, వెనక భాగం ఎక్కువ మసకబారుతుంది. కొన్నాక ఎఫ్ 1.8ని మాత్రం కాస్త పొదుపుగా వాడండి.

నేను ఫొటోగ్రఫీ డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. కెమెరా కెనాన్ 1500డి. మొదటి ఏడాదంతా దాంతోపాటు వచ్చిన 18-55 ఎం.ఎం. కిట్ లెన్స్‌తోనే నెట్టుకొచ్చాను. పగలు బయట తీస్తే దానికి వంక పెట్టడానికేం లేదు. ఇంట్లో అడుగుపెడితేనే తంటా. 50 వైపు జూమ్ చేస్తే ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు, ఐఎస్‌వో (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400కి ఎక్కుతుంది, బుగ్గల నిండా గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు. ఈ లెన్స్ ఎఫ్ 1.8 దగ్గర అంతకు దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. అదే గది, అదే కిటికీ, ఐఎస్‌వో 640తో పని అయిపోతుంది.

నల్గొండ దగ్గర మా ఊళ్లో అమ్మమ్మను గడప లోపల కూర్చోబెట్టి తీశాను. ఎండ వాకిట్లో పడి, ఆ వెలుగు తిరిగి ఆమె ముఖం మీదికి మెత్తగా వస్తోంది. జూమ్ లేదు కాబట్టి కాళ్లతోనే జూమ్ చేయాలి. "ఏందే, ముందుకొస్తవ్, వెనక్కి పోతవ్, కుదురుగ నిలబడవా?" అని విసుక్కుంది. ఆ విసుగులో వచ్చిన ముఖమే అన్నిటికన్నా బాగుంది, అది వేరే సంగతి. మీటరు దూరం నుంచి ముఖం ఒక్కటే తీస్తే, ఎఫ్ 1.8 దగ్గర షార్ప్‌గా ఉండే మందం మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. అమ్మమ్మ కాస్త వెనక్కి వాలిందంటే ముక్కుపుడక మీద గీతలు సైతం కనబడతాయి, కన్ను మాత్రం మసక. ఎఫ్ 2.8కి తెచ్చాక ముక్కుపుడక, దగ్గరి కన్ను రెండూ దక్కాయి. వెనక వడ్ల బస్తాలు ఎలాగూ కరిగిపోయే ఉన్నాయి.

మా క్లాసులో సగం మందికి బ్లర్ పిచ్చి. ఈ లెన్స్ చేతికి రాగానే ఎఫ్ 1.8 దగ్గర పెట్టి ఇక కదపరు. నాకిది నచ్చదు. లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణం ఆయనను అలాగే తీస్తే ముఖం అద్భుతంగా వచ్చింది, వెనక రంగుల ముద్ద. మా సార్ చూసి "దుకాణం ఏదమ్మా?" అన్నారు, అంతే. గాజులు లేకుండా ఆయన ఎవరైనా కావచ్చు. మళ్లీ వెళ్లి ఎఫ్ 5.6లో తీసిందే పోర్ట్‌ఫోలియోలో పెట్టాను. పైగా ఎఫ్ 1.8 దగ్గర రాళ్ల గాజుల తళుకుల చుట్టూ ఊదా రంగు అంచు వస్తుంది. ఎడిటింగ్‌లో తీసేయొచ్చు గానీ ఓపిక కావాలి.

ఇంకొన్ని ఇబ్బందులున్నాయి. 1500డి లాంటి చిన్న సెన్సర్ కెమెరాల్లో ఇది కాస్త జూమ్ చేసినట్టు, 80 ఎం.ఎం. లెన్స్‌లా చూపిస్తుంది. ముఖాలకు అది వరమే, ముక్కు సాగినట్టు రాదు. కానీ పదడుగుల హాస్టల్ గదిలో నిలబడ్డ మనిషి తల నుంచి పాదాల దాకా ఫ్రేములో పట్టడు, దానికి నాలుగు మీటర్ల పైనే వెనక్కి జరగాలి. కాబట్టి కిట్ లెన్స్ అమ్మేయకండి. ఇందులో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ లేదు, నేనైతే షటర్ వేగం 1/100 సెకను కన్నా తగ్గించను. ఫోకస్ చేసేటప్పుడు జుయ్‌మని చిన్న చప్పుడు, వీడియోలో అది వినబడుతుంది. ఫోకస్ రింగ్ మోటారు మీద ఆధారపడింది, కెమెరా ఆపేస్తే ఎంత తిప్పినా ఫోకస్ కదలదు. లెన్స్ ముందు భాగం బయటికి వచ్చి ఉండగా ఆపేసి బ్యాగులో కుక్కితే దాని మీద ఒత్తిడి పడుతుంది. ముందు లోపలికి వెళ్లనిచ్చి ఆపండి. పక్క నుంచి పడే వెలుతురును ఆపే హుడ్ విడిగా కొనాలి.

బరువు 160 గ్రాములే. ఇంత చిన్న లెన్స్‌ను ఎదురుగా పెడితే బజారులో ఎవరూ బిగుసుకుపోరు. అలవాటు లేనివాళ్లను తీసేటప్పుడు దీని అసలు ఉపయోగం అక్కడే తెలుస్తుంది.

మీది కెనాన్ ఆర్50 లాంటి, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ అయితే ఇది నేరుగా ఎక్కదు, అడాప్టర్ కావాలి. దానికి బదులు ఆర్‌ఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 తీసుకోవడమే మేలు. కోఠిలో సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు లెన్స్ వెనక్కి తిప్పి మౌంట్, అంటే కెమెరాకు తగిలించే రింగ్ చూడండి. ఎస్‌టీఎం అయితే లోహం ఉంటుంది. ప్లాస్టిక్ ఉందంటే అది అంతకు ముందు మోడల్, ఎస్‌టీఎం ధర చెబితే ఒప్పుకోకండి.