నల్ల ముత్యాల దండ బాగుంది, చెప్పిన కథే బాగాలేదు

పోయిన నెల హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ఒక కొట్లో నల్ల ముత్యాల దండ తీసుకున్నాను, 2,600 రూపాయలకి. "తాహితీ సరుకమ్మా, అక్కడ సముద్రంలో ఇసుకే నలుపు, అందుకే ఈ రంగు" అన్నాడు కొట్టాయన. తాహితీ అంటే పసిఫిక్ సముద్రంలో ఒక దీవి. ఇంటికొచ్చి ఫోన్ టార్చి వేసి చూస్తే దారం దూరే రంధ్రం అంచున రంగు గడ్డకట్టి ఉంది. అన్ని పూసలూ ఒకటే నలుపు, కాటుక పూసినట్టు. మంచినీటి ముత్యాలకు రంగు వేశారన్నమాట. సిల్వర్ నైట్రేట్‌తో ఇలా నల్లగా చేయడం పాత పద్ధతే.

అసలు తాహితీ ముత్యానికి ఇసుకతో పనే లేదు. నల్ల అంచు ఆల్చిప్పలో గుండ్రటి పూసతో పాటు మరో ఆల్చిప్ప నుంచి కోసిన చిన్న కండముక్క పెడతారు. ముత్యం పొరల్లోకి రంగు దిగేది ముఖ్యంగా ఆ ముక్క కణాల వల్లే. అదీ ఉత్త నలుపు కాదు, నెమలికంఠం పచ్చ, వంకాయ, బూడిద రంగులు తొంగిచూస్తాయి. మంచిదైతే ఒక్క ముత్యమే వేలల్లో ఉంటుంది. 2,600కి దండంతా వస్తుందనుకోవడం నా తెలివి!

అల్లిక మాత్రం శుభ్రంగా ఉంది. పూసకీ పూసకీ మధ్య ముడి, కొక్కెం గట్టిది. రంగు వేసిందని చెప్పి అమ్మినా కొనేదాన్నే. మూడు స్టార్లు.