మోకాలి దాకా సాక్సులు: రెండేళ్ళు వాడాక

కంప్రెషన్ సాక్సులు, అంటే కాలిని బిగుతుగా నొక్కి పట్టే సాక్సులు, మొదటిసారి తొడుక్కుంటుంటే చూసి మా అమ్మ, "ఏంటే ఆ కుస్తీ? కాలికి సాక్సు తొడుగుతున్నావా, సాక్సులో కాలు కూరుతున్నావా?" అంది. ఆ రోజు పది నిమిషాలు పట్టింది. ఇప్పుడు కాలికి అర నిమిషం చాలు. లోపలి వైపు బయటకు వచ్చేలా మడమ దాకా తిరగేసి, ముందు పాదం దూర్చాలి. సాక్సు మడమ మన మడమ మీద సరిగ్గా కూర్చున్నాక, మిగతాది కొద్దికొద్దిగా పైకి జరపాలి. పై పట్టీ పట్టుకుని ఒక్కసారే లాగితే పిక్క దగ్గర ముడతలు పడతాయి. నేనైతే గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వేసుకుంటాను. నవ్వితే నవ్వండి, పట్టు మాత్రం బ్రహ్మాండంగా దొరుకుతుంది.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. రోజుకు ఐదు పీరియడ్లు, అన్నీ నిలబడే. వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డులో పరుగు. 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించిన పౌలా రాడ్‌క్లిఫ్ మోకాళ్ళ దాకా సాక్సులతో పరుగెత్తే ఫొటోలు చూసి నాకూ ఆశ పుట్టింది. ఆవిడ కాళ్ళు వేరు, నా కాళ్ళు వేరు అన్న సంగతి అప్పటికి తట్టలేదు.

మొదటి జత 1,600 రూపాయలు. పెట్టె మీద షూ సైజు తప్ప ఇంకేమీ లేదు, నేనూ అది చూసే కొన్నాను. ఆగస్టులో హైదరాబాద్ హాఫ్ మారథాన్, ఉక్కపోత, పైగా ఎక్కీ దిగే ఫ్లైఓవర్లు. పద్నాలుగో కిలోమీటరు దగ్గర పై పట్టీ చుట్టుకుపోయి మోకాలి వెనక తాడులా బిగుసుకుంది. వేళ్ళు తిమ్మిరెక్కి, ఫుట్‌పాత్ అంచున కూర్చుని రెండూ విప్పేశాను. కాలి మీద ఆ గీత మర్నాటి సాయంత్రానికి గానీ పోలేదు.

అప్పటి నుంచి షూ సైజు చూడటం మానేశాను. పొద్దున్నే, కాళ్ళు ఉబ్బకముందే, టైలరు టేపుతో చీలమండ పైన సన్నగా ఉండే చోట ఒకసారి, పిక్క లావుగా ఉండే చోట ఒకసారి చుట్టుకొలత తీసుకుంటాను. నాకు 22, 36 సెంటీమీటర్లు. ఒత్తిడి ఎంతో మిల్లీమీటర్ల పాదరసంలో (బీపీ కొలిచే లెక్కే) రాసి లేకపోతే ఆ జత జోలికి పోను. పరుగుకు 15–20 రకం నాకు సరిపోయింది. ఈ సాక్సు చీలమండ దగ్గర ఎక్కువ నొక్కాలి, పైకి వెళ్ళేకొద్దీ తగ్గాలి. పిల్లలకు చెప్పే సూత్రమే: లాగుడు ఒకటే అయినా, చుట్టే వస్తువు సన్నబడేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. సైజు తప్పితే ఈ లెక్క తలకిందులవుతుంది. పిక్క దగ్గర ఎక్కువ బిగిస్తే, పైకి వెళ్ళాల్సిన రక్తానికి మనమే అడ్డు కట్టినట్టు.

ఇక వేగం సంగతి. సాక్సులు లేకుండా నా హాఫ్ 2 గంటల 11 నిమిషాలు, వేసుకుని 2:10. ఆ నిమిషం సాక్సుల పుణ్యమో, ఆ పొద్దున పడ్డ చినుకుల పుణ్యమో! పరిశోధనల్లోనూ వేగం పెరుగుతుందని గట్టిగా తేలలేదు, మర్నాటి నొప్పి కాస్త తక్కువనిపిస్తుందని మాత్రం కొన్నింటిలో కనిపించింది. ఏప్రిల్, మే నెలల్లో వీటితో పరుగెత్తడం శిక్షే. చెమటకు తడిసి, పిక్కలంతా దురద.

నాకు అసలు లాభం క్లాసురూములో దొరికింది. ఒక వారం పాటు కుడికాలికే వేసుకుని కాలేజీకి వెళ్ళాను (చుడీదార్ కింద ఎవరికీ కనపడదు). సాయంత్రం టేపు పెడితే ఎడమ చీలమండ పొద్దుటికన్నా దాదాపు సెంటీమీటరు పెరిగేది, కుడిది ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఒక్క మనిషి, ఒక్క వారం, పైగా కొలిచిందీ నేనే, కాబట్టి దీన్ని రుజువు అనను. కానీ ఆదివారం 18 కిలోమీటర్లు పరుగెత్తి సోమవారం బోర్డు ముందు నిలబడే రోజున ఇవి లేకుండా ఇల్లు కదలను. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం విప్పేస్తాను.

వారానికి మూడుసార్లు వాడితే రెండో జత ఎనిమిది నెలలకు సడలింది. కుస్తీ లేకుండా ఎక్కేసిందంటే దాని పని అయిపోయినట్టే. దాంతో ఇప్పుడు ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాం. చన్నీళ్ళలో చేత్తో ఉతికి, నీడలో ఆరేస్తాను. ఫ్యాబ్రిక్ కండిషనర్ దగ్గరికి కూడా రానివ్వను.

నన్ను చూసి అమ్మ కూడా ఒక జత కావాలంది. తనకు పన్నెండేళ్ళుగా షుగరు, అరికాళ్ళు మొద్దుబారాయి. కొనేముందు డాక్టరుకు చూపించాం. రెండు పాదాల మీదా వేళ్ళు పెట్టి నాడి చూశారు, దూదితో అరికాలు తాకించి "తెలుస్తోందా అమ్మా?" అని అడిగారు. అమ్మ సగం చోట్ల తెలియట్లేదంది. వద్దన్నారు. ఎక్కడైనా ఒరుసుకున్నా, బిగుసుకున్నా ఆ కాలికి తెలియదట, పుండు పడ్డాక గానీ బయటపడదట.