తుపాకీ తన్నుకు విరుగుడు: మూతికి బ్రేకా, మడమకు ప్యాడా?

రాజురా, కిన్వట్ వైపు పత్తి, సోయా పండించే మన తెలుగు రైతుల ఇళ్లలో లైసెన్సు తుపాకీ అనగానే గుర్తొచ్చేది పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీ. కొందరి దగ్గర ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన .315 రైఫిలు ఉంటుంది. .30-06 రైఫిలు ఉన్నవారు తక్కువ. ఈ మధ్య కుర్రాళ్లు వీడియోలు చూసి, గొట్టం మూతికి మజిల్ బ్రేకు బిగిస్తే భుజానికి దెబ్బే తగలదట కదా అని అడుగుతున్నారు. దీనికి అన్ని తుపాకులకూ ఒకే జవాబు చెల్లదు. నన్నడిగితే, మన చేతుల్లో ఉన్న తుపాకుల్లో ఎక్కువవాటికి ఆ డబ్బు మడమ దగ్గర, అంటే భుజానికి ఆనించే వెనక భాగం దగ్గర, ఖర్చు పెట్టడమే మేలు.

తుపాకీ వెనక్కి తన్నడానికి కారణాలు రెండు. ముందుకు దూసుకుపోయే గుండు ఒకటి, దాని వెంట మూతిలోంచి ఎగజిమ్మే వాయువు రెండోది. గుండు తన్నును ఏ పరికరమూ ఆపలేదు. బ్రేకు పనిచేసేది వాయువు మీదే. పక్కల ఉన్న రంధ్రాల గుండా దాన్ని పక్కలకో, కొంచెం వెనక్కో మళ్లిస్తుంది. కాబట్టి మొత్తం తన్నులో వాయువు వాటా ఎంతో చూసుకుంటే బ్రేకు ఎంత మేలు చేస్తుందో ముందే తెలిసిపోతుంది.

.30-06లో సుమారు 9.7 గ్రాముల గుండు సెకనుకు 880 మీటర్ల వేగంతో వెళుతుంది. లోపల కాలే మందు మూడు గ్రాముల పైచిలుకు. వాయువు గుండుకన్నా వేగంగా బయటపడుతుంది కనుక తన్నులో దాదాపు మూడో వంతు దానిదే. ఆ వాయువును కొంచెం వెనక్కి కూడా మళ్లిస్తుంది కనుక ఇలాంటి రైఫిలుకు మంచి బ్రేకు తన్ను శక్తిని సగం దాకా తగ్గించగలదు. పన్నెండు బోరులో 30 గ్రాములకు అటూఇటూగా రవ్వలు (చిన్న గుళ్లు), వాటిని నెట్టే మందు గ్రామున్నరో రెండు గ్రాములో. అక్కడ వాయువు వాటా పదో వంతుకు కొంచెం అటూఇటూ. అంత చిన్న వాటాలోంచి బ్రేకు తగ్గించేది భుజానికి తెలియనైనా తెలియదు. బరువైన గుండును నెమ్మదిగా పంపే .315 ఈ రెండింటికీ మధ్య నిలుస్తుంది. చిన్న గుండు .22 రైఫిలుకు బ్రేకు పెట్టడం అనవసరం, అది తన్నేదే తక్కువ.

మూతికి తగిలించేవన్నీ ఒకటే అనుకోవడం వల్ల మరో చిక్కు వస్తోంది. కాంపెన్సేటర్ వాయువును పైకి వదిలి మూతి ఎగరకుండా అదుముతుంది. భుజానికి దానివల్ల ఒరిగేది కొంచెమే. ఫ్లాష్ హైడర్ మంటను కప్పుతుంది, తన్నును తగ్గించడం దాని పని కాదు. సైలెన్సర్ శబ్దంతో పాటు తన్నునూ నిజంగానే తగ్గిస్తుంది. అయితే శబ్దాన్ని గానీ మంటను గానీ తగ్గించే ఉపకరణాలను మన ఆయుధ నియమావళి నిషిద్ధ ఆయుధాల వర్గంతోనే కలిపి చూస్తుంది. కాబట్టి ఈ రెండింటినీ పోలికలోంచి తీసేయండి. బ్రేకు పేరుతో అమ్మేవాటిలో కొన్ని మంటను కూడా తగ్గిస్తాయి. కొనేముందు లైసెన్సు ఇచ్చిన అధికారిని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఇక శబ్దం. నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఇదే. బ్రేకు లేకుండానే రైఫిలు మోత 160 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. క్షణకాలపు మోతకు 140 దాటితే చెవికి ప్రమాదమని వృత్తి ఆరోగ్య ప్రమాణాలు చెబుతాయి. బ్రేకు వాయువును వెనక్కి మళ్లిస్తుంది కనుక కాల్చేవారి చెవి దగ్గర ఆ మోత మరో 5 నుంచి 10 డెసిబెల్స్ పెరుగుతుంది. చెవిలో ప్లగ్గు, దానిపైన చెవిని కప్పే మఫ్ రెండూ ఉంటే తప్ప బ్రేకు బిగించిన రైఫిలు పేల్చకూడదు. అటవీ శాఖ అనుమతితో అడవిపందుల కోసం రాత్రి మంచె మీద కాపు కాసేటప్పుడు పక్కన టార్చి పట్టుకుని ఎవరుంటారు? తమ్ముడో, కొడుకో, పాలేరో. వారి చెవులకు రక్షణ ఎవరు తెస్తున్నారు? మీ భుజం మీద పడాల్సిన దెబ్బను పక్కవాడి చెవులకు బదిలీ చేయడం న్యాయం కాదు. భుజం నొప్పి నాలుగు రోజుల్లో పోతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. పడుకుని కాలిస్తే ఇంకో బాధ ఉంది, ఎండాకాలం నల్లరేగడి దుమ్మంతా లేచి కళ్లలో పడుతుంది.

మడమ వైపు మార్గాలకు ఈ ఇబ్బందులేవీ లేవు. మెత్తటి రబ్బరు ప్యాడు తన్నును తక్కువ చేయదు, దాన్ని కొంచెం ఎక్కువసేపు, కొంచెం ఎక్కువ వెడల్పున పరుస్తుంది. భుజానికి కావలసింది అదే. ప్యాడు మందం వల్ల మడమ పొడవు పెరుగుతుంది కాబట్టి కొలత చూసి, అవసరమైతే మడమ కర్రను ఆ మేరకు కోయించాలి. తాతల కాలం తుపాకుల్లో చాలావాటి మడమ ఇప్పటి మనిషి చేతికి సరిపోదు. చెంప ఎముకకు దెబ్బ తగులుతోందంటే మందును తిట్టకుండా ముందు మడమ కొలత చూడండి. పన్నెండు బోరులో 32 గ్రాముల తూటా బదులు 28 గ్రాములది వాడితే తన్ను శక్తి దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. రైఫిలు బరువు మూడున్నర కిలోల నుంచి నాలుగుకు పెరిగితే ఎనిమిదో వంతు తగ్గుతుంది. మోసుకు తిరగడం కష్టమే కానీ మంచె మీద కూర్చునేవారికి ఆ బరువు లెక్కలోకి రాదు.

రైఫిల్ క్లబ్బులో సాధన చేసే పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నిబంధనల ప్రకారం రైఫిళ్లకు మజిల్ బ్రేకులూ కాంపెన్సేటర్లూ నిషిద్ధం. ఆ పోటీలే లక్ష్యమైతే వాటికి అలవాటు పడకండి.

కాబట్టి పన్నెండు బోరుకు ప్యాడు, సరైన కొలత, తేలిక తూటా. .315కు ముందు ఇవే, వీటితో తీరకపోతే అప్పుడు బ్రేకు మాట. .30-06తో రేంజిలో ఒంటరిగా, చెవులకు రెండు పొరల రక్షణతో కాల్చేవారికి బ్రేకు నిజంగా మేలు, వారికి నేను అభ్యంతరం చెప్పను. అయితే గొట్టం మూతికి మరలు కోయించేది ఆయుధ లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరే అయి ఉండాలి. 1959 ఆయుధ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ మరమ్మతు చేయడం నేరం. పైగా బ్రేకు రంధ్రం గొట్టంతో ఒక్క గీతలో లేకపోతే గుండు దాని అంచుకు తగులుతుంది. ట్రాక్టరు భాగాలు చేసే లేతు దగ్గరికి మాత్రం ఆ గొట్టాన్ని తీసుకెళ్లవద్దు.