కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్: ఏళ్ల తరబడి పెంచాక

ఇంటికి కాపలా కావాలంటే ఈ కుక్క జాతి వద్దు. తలుపు తట్టినవాడల్లా దీనికి చుట్టమే. పిల్లలతో, పెద్దవాళ్లతో, వేరే కుక్కలతో పేచీ ఉండదు గానీ ఒంటరితనం పడదు. రోజంతా తాళం పడే ఇంట్లో అరిచి అరిచి డీలా పడిపోతుంది. పిట్ట కనపడితే రోడ్డుకు అడ్డంపడి పరిగెత్తుతుంది కాబట్టి బయట తాడు విప్పకూడదు.

ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ ముద్దుగా పెంచుకున్న బుల్లి స్పానియళ్ల పేరే దీనికొచ్చింది. తర్వాత చప్పిడి ముక్కు మోజులో ఆ పాత రూపం దాదాపు మాయమైంది. 1926లో రోస్‌వెల్ ఎల్డ్రిడ్జ్ అనే అమెరికన్, బ్రిటన్‌లో జరిగే క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో పొడుగు మూతి కుక్కలకు 25 పౌండ్ల బహుమతి పెట్టాడు. 1928లో ఈ జాతికంటూ క్లబ్బు పుట్టింది, 1945లో కుక్క జాతులను నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దీన్ని వేరే జాతిగా గుర్తించింది. అలా జాతిని మళ్లీ నిలబెట్టింది కొద్దిపాటి కుక్కలతోనే.

అసలు బెంగంతా గుండెతోనే. ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ మందమై సరిగా మూసుకోదు, రక్తం వెనక్కి చిమ్ముతుంది. వేరే జాతుల్లో ముసలితనాన వచ్చే ఈ జబ్బు వీటికి ఐదారేళ్లకే మొదలవుతుంది. పదేళ్లు దాటితే దాదాపు అన్నిటికీ ఉంటుంది. ఏటా స్టెతస్కోప్ పెట్టించండి, మర్మర్ (గుండె చప్పుడు మధ్య వినపడే అదనపు సొద) వినపడితే ఎకో (గుండె స్కాన్) తీయించండి. గుండె పెరిగిందని తేలితే, ఆయాసం రాకముందే డాక్టర్లు పిమోబెండాన్ అనే గుండె మందు మొదలుపెడతారు. ఇంట్లో మాత్రం నిద్రలో శ్వాస లెక్కపెట్టాలి: పక్కటెముకలు లేచి పడితే ఒకటి. కలగంటూ కాళ్లు ఆడిస్తున్నప్పుడు లెక్క పనికిరాదు. నిమిషానికి 30 దాటి, కాసేపాగి చూసినా తగ్గకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, డాక్టరు దగ్గరికి పరిగెత్తండి.

రెండోది సిరింగోమైలియా. పుర్రె వెనక భాగం ఇరుకై వెన్నుపాములో ద్రవం చేరుతుంది. నడుస్తూనే మెడ పక్కన గాలిలో గోక్కుంటుంది, కాలు ఒంటికి తగలదు. చాలామంది చెవి దురదనుకుని చుక్కలు వేస్తూ కూర్చుంటారు. తేల్చి చెప్పేది ఎమ్మారై ఒక్కటే. మెడపట్టీ తీసేసి ఛాతీపట్టీ వాడండి.

బొచ్చు పెద్ద పని కాదు. చెవుల వెనక, చంకల్లో చిక్కులు పడకుండా రోజు విడిచి రోజు దువ్వితే చాలు. బరువు సుమారు 6-8 కిలోల మధ్యే ఉండాలి. ఆ కళ్లు చూసి కరిగి పెట్టే ప్రతి ముక్కా గుండెకు భారమే.

కొనేటప్పుడు రంగు చూడకండి. తల్లిదండ్రులిద్దరికీ రెండున్నరేళ్లు దాటాక, వాటిని కన్నవాటికి ఐదేళ్లు దాటాక మర్మర్ లేదన్న కాగితాలు అడగండి. ఎనిమిది వారాల పిల్ల గుండె బాగుందన్న సర్టిఫికెట్‌తో ఏమీ తేలదు.