అస్సాంలో జాతీయ సమైక్యతా శిబిరం: వేదికకు రెండు, వంటశాలకు అయిదు

ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాళ్ల జాతీయ సమైక్యతా శిబిరానికి పేరు ఇవ్వాలా వద్దా అని మా కళాశాల జూనియర్లు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను. ఇవ్వండి. నేను అయిదుకు మూడున్నర మార్కులు వేస్తాను. మిగిలిన ఒకటిన్నర ఎక్కడ తెగిందో చదివితే, బయలుదేరే ముందు మీరు ఎవరిని ఏమి అడగాలో మీకే తెలుస్తుంది.

ఎన్‌ఎస్‌ఎస్ అంటే ఆగస్టు పదిహేనుకు ముందు చీపుర్లు పట్టుకుని ఫొటో దిగడమే అనుకునేవారికి రెండు ముక్కలు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో ఈ పథకం మొదలైంది. వాలంటీరుగా చేరితే ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు సేవ చేయాలి. దానితో పాటు ఏదో ఒక దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. సమైక్యతా శిబిరం వీటన్నిటికీ వేరు. రకరకాల రాష్ట్రాల నుంచి 200 మంది వరకు వాలంటీర్లను ఒకచోట చేర్చి ఏడు రోజులు ఉంచుతారు. తిండీ వసతీ ఆతిథ్యమిచ్చే సంస్థే చూసుకుంటుంది. ఎంపిక కావాలంటే మీ కళాశాలలో ఎన్‌ఎస్‌ఎస్ చూసుకునే ప్రోగ్రాం ఆఫీసర్ మీ పేరు పంపాలి. అందుకని ఆ 120 గంటలు హాజరుపట్టీలో మాత్రమే చేసినవారు ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు.

మాకు పడింది ఎగువ అస్సాం. తెనాలి దగ్గర మా ఊరి నుంచి రెండు పగళ్లూ రెండు రాత్రులూ రైల్లోనే గడిచాయి. ఆతిథ్యమిచ్చిన విద్యాసంస్థ పేరు రాయను. అక్కడి విద్యార్థులు మా కోసం నిద్ర మానుకుని పనిచేశారు, నా ఫిర్యాదులు వాళ్ల మీద కాదు.

మొదటి ఫిర్యాదు పడకల మీద. వసతి గది తలుపుకు 'ఆంధ్రప్రదేశ్' అని కాగితం అంటించి ఉంది. పక్క గదికి ఒడిశా, ఆ పక్కన పంజాబ్. రైల్లో రెండు రోజులుగా ఎవరి గురక విన్నామో మళ్లీ ఆ గురకే వినడానికి దేశం ఆ చివరి దాకా వెళ్లడం ఎందుకు? తలలు లెక్కపెట్టడానికి సులువుగా ఉంటుందని నిర్వాహకులు చెప్పిన కారణం. పగలు మాత్రం మమ్మల్ని నదుల పేర్లతో బృందాలుగా కలిపారు. నేను సుబన్‌సిరిలో పడ్డాను. పాలక్కాడ్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి, జలంధర్ అమ్మాయి, షిల్లాంగ్ నుంచి ఇద్దరు, హర్యానా కుర్రాళ్లు, స్థానికుడైన జోర్హాట్ అబ్బాయి మా బృందంలో ఉన్నారు. రాత్రి కాగానే ఎవరి రాష్ట్రంలోకి వాళ్లు వెళ్లిపోవాలి. జలంధర్ అమ్మాయి నేరుగా శిబిరాధికారి దగ్గరికి వెళ్లి, బృందాల వారీగానే పడుకుంటామనీ రాత్రి లెక్క బృంద నాయకులే అప్పజెబుతారనీ అడిగేసింది. ఆయన ఒప్పుకున్నారు. శిబిరం అసలు అప్పుడు మొదలైందని నా లెక్క. మీకు ఎంపిక ఉత్తరం రాగానే అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: పడకలు రాష్ట్రాల వారీగానా, కలిపా?

రెండవది వేదిక. సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమంలో ఒక్కో రాష్ట్రానికి ఎనిమిది నిమిషాలు. మేము థింసా ఆడాం. అది అరకు కొండల ఆదివాసుల నృత్యం. మా పదిమందిలో అరకు వాళ్లు ఒక్కరూ లేరు. అడుగులు ఫోనులో వీడియో చూసి నేర్చుకున్నవి, చీరలు విజయవాడలో అద్దెకు తెచ్చినవి. చప్పట్లు బాగానే పడ్డాయి. దిగివస్తుంటే షిల్లాంగ్ అమ్మాయి, మీ ఇళ్లలో పెళ్లిళ్లకు ఇదే ఆడతారా అని అడిగింది. లేదు, డీజే పెడతారు అన్నాను. అక్కడున్న రాష్ట్రాలన్నిటినీ వరుసగా అడిగితే అందరిదీ అదే జవాబు. సమైక్యత అప్పటికే సిద్ధించిందన్నమాట, అదీ శిబిరంతో పనిలేకుండా.

ఈ ఎనిమిది నిమిషాల పద్ధతి నాకు నచ్చలేదు. ఎవరి వస్తువు వాళ్లు ప్రదర్శించి వెళ్లిపోతారు, పక్కవాళ్లు తమ వంతు కోసం తెర వెనుక పిన్నులు పెట్టుకుంటూ ఉంటారు, చూసేది ఎవరు? మా ప్రోగ్రాం ఆఫీసర్ మేడమ్ చదువుకునే రోజుల్లో సుబ్బారావు గారి శిబిరాలకు వెళ్లారు. ఆయన బెంగళూరులో పుట్టి, చంబల్ లోయలో ఆశ్రమం పెట్టి, 1970లో నేషనల్ యూత్ ప్రాజెక్ట్ మొదలుపెట్టిన మనిషి. 2021లో చనిపోయారు. యువత ఆయనను భాయీజీ అని పిలిచేది. ఆయన శిబిరాల్లో ఒక్కో భాష పాటను అందరిచేతా పాడించేవారట. మేడమ్ ఇప్పటికీ ఒక మలయాళం పాట, ఒక పంజాబీ పాట తప్పు లేకుండా పాడతారు. మాకు అలాంటిది ఒక్కటే దక్కింది, అదీ కార్యక్రమ పట్టికలో లేనిది. ఆఖరి రాత్రి సభ ముగిశాక స్థానిక విద్యార్థులు డోలు, పెపా అనే గేదె కొమ్ము బూర తెచ్చి ఆవరణలో బిహు ఆడారు. మమ్మల్ని చేయి పట్టుకుని లాగారు. నడుము ఎక్కడ తిప్పాలో తెలియక మేము పడిన అవస్థకు బహుమతి ఎవరూ ఇవ్వలేదు కానీ, ఆ అడుగులు ఇంకా గుర్తున్నాయి. వేదికకు రెండు మార్కులు వేసింది ఇందుకే, ఆ రెండూ ఈ ఆవరణకే చెందుతాయి.

ఉపన్యాసాల గురించి ఎక్కువ రాయను. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో ఉన్న 22 భాషల గొప్పతనం మీద గంటకు పైగా ప్రసంగం జరిగింది. మొదటి నుంచి చివరి దాకా హిందీలోనే. తమిళనాడు వరుస, షిల్లాంగ్ వరుస హాయిగా నిద్రపోయాయి.

ఇక ఈ శిబిరంలో నేను నిజంగా విలువ కట్టేది తేయాకు తోట సర్వే. బడి మానేసిన పిల్లలు ఎందరు, తాగునీరు ఎక్కడి నుంచి వస్తుంది, బ్యాంకు ఖాతా ఉందా వంటి ప్రశ్నలతో ఒక పత్రం ఇచ్చారు. తోట కార్మికులు ఉండే 'లైన్ల'లో ఇల్లిల్లూ తిరగాలి. పట్టిక ప్రకారం ఉదయం తొమ్మిదికి వెళ్లాం. ముసలివాళ్లు, కోళ్లు, చిన్నపిల్లలు తప్ప ఎవరూ లేరు. మరునాడూ అంతే. కారణం ఏమిటంటే అస్సాం తేయాకు తోటలకు తమ సొంత గడియారం ఉంది. దేశమంతటికీ ఉన్న సమయం కన్నా గంట ముందు నడుస్తుంది. బ్రిటిష్ కాలం నుంచీ వస్తున్న ఈ లెక్కను 'బాగాన్ టైమ్' అంటారు. అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. మనలా తొమ్మిదికి పని మొదలుపెడితే పగటి వెలుగు సగం వృథా. మేము తొమ్మిదికి వెళ్లేసరికి తోట గడియారంలో పది. జనమంతా కొడవళ్లు పట్టుకుని పొదల దగ్గర ఉన్నారు. చలికాలంలో ఆకు కోయరు, కొమ్మలు కత్తిరిస్తారు.

జోర్హాట్ అబ్బాయి ఈ సంగతి మొదటి రోజే నమోదు బల్ల దగ్గర చెప్పాడట. పట్టిక అచ్చయిపోయింది అన్నారట. స్థానిక వాలంటీర్లను నీళ్ల సీసాలు అందించడానికి, దారి చూపించడానికి పెట్టుకున్నారు తప్ప వాళ్లకు తెలిసినదాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. ఆ రాత్రి బృంద నాయకులందరూ కూర్చుని చార్టు వెనకవైపున కొత్త పట్టిక రాశారు. తెల్లవారుజామున లేవడం, పొద్దున్నే శ్రమదానం, మధ్యాహ్నం ఉపన్యాసం, పని దిగి కార్మికులు ఇళ్లకు చేరే వేళకు సర్వే, అయిదింటికల్లా వేదిక, ఏడింటికి భోజనం. జోర్హాట్ అబ్బాయి చెబుతుంటే షిల్లాంగ్ అమ్మాయి ఆంగ్లంలోకీ, ఒక బిహార్ విద్యార్థి హిందీలోకీ మార్చారు. అధికారులు అభ్యంతరం చెప్పలేదు. వాళ్లకూ ఊపిరి ఆడినట్టుంది. ఆ తరువాత మా బృందం పత్రాలు చకచకా నిండాయి.

ఆ పత్రాల్లో ఒకటి నాకు బాగా గుర్తుంది. ఒక ఇంట్లో కులం గడి దగ్గర జోర్హాట్ అబ్బాయి 'తెలెంగా' అని రాశాడు. నేను పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ ఇంటి పెద్దాయన ముత్తాతను గంజాం వైపు నుంచి తోటల్లో పనికి తీసుకొచ్చారట. పంతొమ్మిదవ శతాబ్దంలో ఛోటానాగ్‌పూర్ నుంచి, ఒడిశా నుంచి, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తర జిల్లాల నుంచి తోటల యజమానులు కూలీలను తరలించారు. నేను ఉత్సాహంగా తెలుగులో పలకరించాను. ఆయన మర్యాదగా నవ్వి, ఇది ఒడియాయా అని జోర్హాట్ అబ్బాయిని అడిగాడు. ఇంట్లో మాట్లాడేది తోటల భాష, పిల్లల చదువు అస్సామీలో. మాకు ఎర్ర టీ పోశారు. పాలు లేవు, ఉప్పు వేసి ఉంది. మా వేదిక మీద ఈ పెద్దాయన ఏ రాష్ట్రం వరుసలో నిలబడతాడో నాకు తెలియలేదు. ఉపన్యాసకులెవరూ ఆ ప్రసక్తే తేలేదు. అసలు ఆ లైన్లు శిబిరానికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి.

వంటశాలకు అయిదుకు అయిదు ఇచ్చాను కనుక కారణం చెప్పాలి. తిండి బాగుందని కాదు. మొదట్లో గుజరాత్, హర్యానా వాళ్లకు ఆవనూనె వాసన పడలేదు, మాకు పచ్చడి లేదు, షిల్లాంగ్ వాళ్లకు మాంసం లేదు. శాకాహారం గిన్నెలో చేపల గరిటె పెట్టారని ఒక పూట గొడవ కూడా జరిగింది. నిర్వాహకులు చేసిన తెలివైన పని, మెస్ కమిటీని వాలంటీర్లకే వదిలేయడం. గరిటెలకు దారాలు కట్టాం, ఎర్రదారం ఉన్నది శాకాహారానికి. రాత్రి పడుకోబోయే ముందు నోటుపుస్తకంతో గది గదికీ తిరిగి రేపటికి అన్నమా, రొట్టెలా, రొట్టెలైతే ఎన్ని అని రాసుకున్నాం. దక్షిణాది వాళ్లందరూ రెండు గడుల్లోనూ టిక్కు పెట్టారు. పాలక్కాడ్ అబ్బాయి ఇంటి నుంచి ఏదో చెట్టు చెక్క ముక్కల పొట్లం తెచ్చుకున్నాడు. కేరళలో అవి వేసి మరిగించిన గులాబీ రంగు నీళ్లు తాగుతారు. హర్యానా కుర్రాళ్లు మొదట అనుమానంగా చూశారు. చలి ముదిరాక ఆ బిందె ముందు వరుస కట్టింది వాళ్లే. ఉడికించిన బంగాళాదుంపను పచ్చి ఆవనూనె, ఉల్లిపాయ, మిర్చితో మెదిపి చేసే ఆలూ పిటికా మాకు కాస్త ఊరట. గుంటూరు మిరపకాయ గురించి గొప్పలు పోయిన మా అబ్బాయిలకు భూత్ జొలొకియా రుచి చూపించారు. 2007లో గిన్నిస్ పుస్తకం ప్రపంచంలోకెల్లా ఘాటైనదని గుర్తించిన కాయ అది. ఆ పూట నుంచి గుంటూరు ప్రస్తావన రాలేదు.

యువసంగమ్‌కు వెళ్లడం మేలా, దీనికి వెళ్లడం మేలా అని కూడా కొందరు అడిగారు. యువసంగమ్ 2023లో మొదలైంది. 18 నుంచి 30 ఏళ్ల వాళ్లు నేరుగా నమోదు చేసుకోవచ్చు, ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉండాల్సిన పని లేదు. ఒక రాష్ట్రం బృందాన్ని మరో రాష్ట్రానికి తీసుకువెళ్లి అక్కడి కట్టడాలు, పరిశ్రమలు, విద్యాసంస్థలు చూపిస్తారు. మా పిన్ని కొడుకు వెళ్లివచ్చాడు, ఆతిథ్యాన్ని ఇప్పటికీ పొగుడుతాడు. ఒక ప్రాంతాన్ని చూడాలంటే అది మంచిది. కానీ ఆ ఏర్పాటులో బస్సులో పక్కసీటు మన రాష్ట్రం వాళ్లదే. గరిటెకు దారం కట్టే పని మీకు ఎవరూ అప్పగించరు. నాకైతే శిబిరమే నచ్చింది.

ఖర్చు విషయానికి వస్తే, మేము రైలు టికెట్ల డబ్బు ముందుగా పెట్టుకున్నాం, ఆ డబ్బు మా చేతికి తిరిగి వచ్చేసరికి సెమిస్టరు పరీక్షలు అయిపోయాయి. టికెట్లు, రసీదులు పారేయకండి. వైద్య ధ్రువపత్రం, తల్లిదండ్రుల అంగీకార పత్రం రెండేసి కాపీలు పెట్టుకోండి. డిసెంబరు, జనవరిలో పడితే శిబిరంలో ఇచ్చే దుప్పటి చాలదు. సర్వే పత్రాలు ఏమయ్యాయని మీరు కూడా వెంటపడి అడగండి. మేము నింపినవి జిల్లా అధికారులకు అందజేస్తామన్నారు. అందాయో లేదో తెలుసుకోవడానికి జోర్హాట్ అబ్బాయి, జలంధర్ అమ్మాయి కలిసి ఒక ఉత్తరం రాశారు, కింద మేమందరం సంతకాలు పెట్టాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చాక మార్కులు సవరిస్తాను.