పెద్ద కూరకు కుక్కర్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

ఈ ఐదు లీటర్ల అల్యూమినియం కుక్కర్ కొన్నది పప్పు కోసం. కానీ అందులో పప్పు ఉడికింది తక్కువ. తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం పెద్ద కూరే, అంటే బీఫే. పండగలు, ఊరి ప్రయాణాలు తీసేసినా నాలుగు వందల సార్లకు తగ్గదు. గాస్కెట్ ఏడాదిన్నరకోసారి మారుస్తున్నా, పిడి ఒకసారి ఊడింది, అడుగు కాస్త వంగింది. ఇప్పటికీ పని చేస్తోంది. పెద్ద కూరకు కుక్కర్ కొనాలా అని ఎవరైనా అడిగితే కొనమనే చెప్తాను. కాకపోతే కూర అందులో వండొద్దంటాను. ఉడకబెట్టుకుంటే చాలు.

ముందు మాంసం సంగతి. ఆవు కోతను ఇక్కడి చట్టం ఒప్పుకోదు. కాబట్టి హైదరాబాద్‌లో బీఫ్ అంటే చాలావరకు బర్రెదో దున్నపోతుదో. రంగు ముదురుగా, కొవ్వు తెల్లగా, కండ గట్టిగా ఉంటుంది. మటన్ ధరలో సగం కూడా ఉండదు. నేను ఒకే షాపులో తెస్తాను. మొదట్లో 'మెత్తటిది ఇవ్వు భాయ్' అని బొక్క లేని తొడ కండ తీసుకునేవాణ్ని. రెండేళ్లకు ఆయనే విసుగొచ్చి, 'అన్నా, కూరకైతే ఇది కాదు, కాలి కండ తీస్కపో' అని బోంగ్ కోసిచ్చాడు. నిహారీకి వాడేది అదే. అడ్డంగా కోస్తే ముక్క నడుమ తెల్లటి నరాలు చెట్టు కొమ్మల్లా కనిపిస్తాయి. పచ్చిగా చూస్తే ఎవరికీ నచ్చదు. ఉడికాక ఆ నరాలే జిగురుగా మారి, చారు వేళ్లకు అంటుకుంటుంది. తొడ కండ మాత్రం ఎంతసేపు ఉడికించినా పీచుపీచుగానే విడిపోతుంది, నోట్లో పొడిగా తగులుతుంది. తొమ్మిదేళ్లలో నేర్చుకున్నదాంట్లో సగం ఆ షాపు భాయి ఒక్క మాటలో చెప్పిందే.

మొదటి మూడేళ్లు చేసిన తప్పు ఇంకోటి. ఉల్లిగడ్డ, టమాట, అల్లమెల్లిగడ్డ, కారం, మసాలా, మాంసం అన్నీ కుక్కర్లో వేసి, మూత పెట్టి, ఎనిమిది విజిళ్లకు దించేవాణ్ని. ముక్క మెత్తగానే ఉండేది. కానీ రంగు బూడిదలా, పైన నూనె వేరుగా, కింద నీళ్లు వేరుగా. మసాలా వాసన ఇల్లంతా ఉండేది, కూరలో ఉండేది కాదు. ఓసారి అమ్మ ఊరి నుంచి వచ్చి, ఒక్క ముద్ద తిని, పళ్లెం కిందపెట్టింది. 'ఉడికింది బిడ్డా, కూర కాలేదు' అంది. ఆమె కట్టెల పొయ్యి మీద గంజులో మూడు గంటలు వండే మనిషి. నాకు అంత ఓపికా లేదు, పొయ్యీ లేదు.

ఆమె మాటలో అసలు విషయం తర్వాత అర్థమైంది. గంజులో నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. కుక్కర్లో ఆవిరి ఒత్తిడికి 120 డిగ్రీల దాకా పోతుంది. అందుకే గట్టి నరాలు మూడు గంటల బదులు ముప్పావు గంటలో కరుగుతాయి. కానీ ముక్క పైన ఎర్రగా వేగాలంటే తడి పోవాలి, వేడి 140 దాటాలి. నిండా ఆవిరి ఉన్న కుక్కర్లో అది జరగదు. అమ్మ గంజులో చివరి అరగంట నీళ్లు ఇగిరి, కూర నూనెలో వేగుతుంది. నేను ఆ అరగంటను ఎగ్గొట్టేస్తున్నా.

ఇప్పుడు చేసేది ఇది. కిలో బోంగ్, రెండు బొక్కలు, చెంచాన్నర ఉప్పు, పసుపు, రెండు చెంచాల అల్లమెల్లిగడ్డ, ఒక టీ గ్లాసు నీళ్లు. అంతే. నీళ్లు ఎక్కువ పోయకండి, మాంసమే బోలెడు నీళ్లు వదులుతుంది. ఓసారి తూకం వేసి చూశాను. కిలో తెచ్చింది ఉడికాక 640 గ్రాములు తూగింది, మిగతాదంతా చారులోనే. మొదటి విజిల్ వచ్చేలోపే మంట పూర్తిగా తగ్గించి 30 నిమిషాలు, ముదురుదైతే 40. ఆపాక ఆవిరి దానంతటది పోయేదాకా మూత జోలికి పోను. ఆకలి మీద చెంచాతో విజిల్ ఎత్తితే లోపల చారు ఒక్కసారిగా తెర్లి, ముక్కలోని తడి కూడా బయటికొస్తుంది. పావుగంట ఓపిక పట్టాలి.

ఆ పావుగంటలో వెడల్పు కడాయిలో రెండు పెద్ద ఉల్లిగడ్డలు ఎర్రగా వేయిస్తాను. కారం, ధనియాల పొడి, వేయించి నూరిన ఎండు కొబ్బరి, గసగసాలు వేసి, చారు వంచేసిన ముక్కల్ని అందులో పరుస్తాను. కలపకూడదు. చిటపటమనే చప్పుడు తగ్గి, ముక్క అడుగున ఎర్రటి పొర కట్టాక తిప్పాలి. పది, పన్నెండు నిమిషాలు ఇదే పని. తర్వాత చారు ఒక్కో గరిటె పోస్తూ, అది ఇగిరాక ఇంకో గరిటె. లవంగం, దాల్చినచెక్క, యాలకుల పొడి చివర్లో, అర చెంచా దాటకుండా. పచ్చి ముక్కల్ని ముందే వేయించి కుక్కర్లో వేయమంటారు కొందరు. అదీ చేసి చూశాను. మామూలు ఇంటి పొయ్యి మీద కిలో పచ్చి మాంసం వేగదు, వదిలిన నీళ్లలో ఉడుకుతుంది. ఉడికినదాన్ని వేయించడమే తేలిక.

విజిళ్ల లెక్క మాత్రం నమ్మొద్దు. పెద్ద మంట మీద పది విజిళ్లు పది నిమిషాల్లో వచ్చేస్తాయి, చిన్న మంట మీద అరగంటకు మూడు కూడా రావు. పక్కింట్లో ఆరు విజిళ్లకు ఉడికింది మనింట్లో ఉడకదు. గడియారం చూసుకోండి.

ఇక లోపాలు. నల్లి బొక్క ఇందులో వేస్తే మూలుగ అంతా కరిగి చారులోకి పోతుంది, పిల్లలు బొక్క కొట్టుకుని తినడానికి ఏమీ మిగలదు. పుంటికూర, టమాట, ఏదైనా చిక్కటి మసాలా వేస్తే అడుగంటుతుంది. నాలుగో ఏడు దావత్ ఉందని రెండు కిలోలు కుక్కి, ఉల్లిగడ్డ ముద్ద కూడా వేశాను. కుక్కర్ మూడింట రెండు వంతులు దాటి నింపొద్దని డబ్బా మీదే రాసుంటుంది. విజిల్ గొట్టంలో ఉల్లిగడ్డ అడ్డం పడి, సేఫ్టీ వాల్వ్ ఎగిరింది. ఎవరికీ ఏం కాలేదు. వంటింటి సీలింగ్ మీద పసుపు మరక మాత్రం ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ఉంది.

అన్నిటికన్నా పెద్ద లోపం ఏ సమీక్షలోనూ కనపడదు. విజిల్ వచ్చిందంటే వాసన వీధిలోకి పోతుంది. గంజులో వండితే వాసన మెల్లగా ఇంట్లోనే తిరుగుతుంది, కుక్కర్ దాన్ని కిటికీలోంచి చాటింపు వేస్తుంది. పాత ఇంట్లో కింద ఓనర్లు ఉండేవాళ్లు. మెట్ల మీద కనపడితే 'ఇవాళ మటనా?' అనేవారు. 'ఆఁ, మటనే' అనేవాణ్ని. ఆదివారం వస్తే నాకు అదో టెన్షన్. మొదటి విజిల్ రాకముందే మంట తగ్గించడం అలా అలవాటైంది. విజిలే రాదు, సన్నగా ఆవిరి ఆడుతూ ఉంటుంది. విచిత్రం ఏమిటంటే ముక్క ఇంకా బాగా ఉడికింది. ఇప్పుడు సొంత ఫ్లాట్‌లో ఉన్నా అలాగే చేస్తున్నా.

డాలస్‌లో ఉండే మా బావమరిది కరెంటు కుక్కర్, ఇన్‌స్టంట్ పాట్ వాడతాడు. అక్కడ చక్ అనే భుజం కండ దొరుకుతుంది, నడుమ కొవ్వు ఎక్కువ, ఇక్కడి బర్రె మాంసమంత మొండిది కాదు. దాని ఒత్తిడి మన పొయ్యి కుక్కర్ కన్నా తక్కువ కాబట్టి 35 నిమిషాలు పెడతాడు. అందులోనే వేయించే బటన్ కూడా ఉంది, కానీ గిన్నె ఇరుకు, కిలో ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి వేగవు. వాడూ చివరికి కడాయే కొన్నాడు.

ఎండు తునకలకైతే ఈ కుక్కర్‌కు పూర్తి మార్కులు. అమ్మ ఎండాకాలం మాంసం ముక్కలకు ఉప్పు, పసుపు రాసి దండెం మీద ఆరేసి పంపుతుంది. గంట నానబెట్టి, 20 నిమిషాలు పెడితే చాలు, తర్వాత దోసకాయ ముక్కలేసి కడాయిలో దగ్గరకు చేస్తాను.

మొన్న దసరాకు అమ్మ వచ్చింది. ఈ పద్ధతిలో వండి, మర్నాడు పొద్దున జొన్నరొట్టెలోకి వేడి చేసి పెట్టాను. మారు మాట్లాడకుండా రెండు రొట్టెలు తిని, 'చారు ఇంకింత ఉంచితే అయిపోవు' అంది. ఆ సాయంత్రం ఇంకో కిలో తెప్పించి, తనే గంజు పొయ్యి మీదికెక్కించింది. మూడు గంటలు. నేను ఉల్లిగడ్డలు కోసిచ్చాను.